డిక్కీలో ఉండిపోయిన రక్తం

2005 వేసవి. రావులపాలెంలో హైవేకి ఆనుకుని నాకు ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండేది. ఆటో ఎలక్ట్రికల్ అంటే ఇంజను విప్పే పని కాదు. బండిలో కరెంటు ఎక్కడెక్కడ పారుతుందో అక్కడల్లా మాదే బాధ్యత. సెల్ఫ్, హారన్, లైట్లు, వైరింగు, ఇవన్నీ మా కిందకే వస్తాయి. అరటి మార్కెట్‌కి వచ్చే లారీలు, వ్యాన్లతోనే నాకు తీరిక ఉండేది కాదు. కార్లు తక్కువ. వచ్చినా పాతకాలపువి. వాటిలో స్విచ్ పోతే రెండు వైర్లు కలిపి మెలిపెట్టి పంపినా అడిగే నాథుడు లేడు.

ఆ రోజుల్లోనే మా ప్రాంతానికి కొత్త రకం కార్లు రావడం మొదలైంది. అద్దం దించడానికి ఒక మీట, పక్క అద్దం తిప్పడానికి ఇంకో మీట, ఆఖరికి డిక్కీ తెరవడానికి కూడా మీటే. చెయ్యి పెట్టి ఎత్తితే వేళ్ళు అరిగిపోతాయనుకున్నారో ఏమో, కొన్ని మోడళ్ళలో డిక్కీకి బయట తాళం కన్నం కూడా తీసేశారు. స్టీరింగ్ కింద, డ్రైవరు కుడి మోకాలి దగ్గర చిన్న స్విచ్ ఉంటుంది. అది నొక్కితే వెనక డిక్కీ మూతలో ఉన్న బుల్లి మోటారు గొళ్ళెం లాగుతుంది. ఆ మోటారుని యాక్చుయేటర్ అంటాం. పని చేసినన్నాళ్ళూ రాజభోగమే. చెయ్యకపోతే ఆ డిక్కీ ఇనప్పెట్టెతో సమానం.

ఆ రోజు మధ్యాహ్నం షాపులో కూర్చుని క్యారేజీ విప్పుకుని అన్నం కలుపుకుంటున్నాను. మా వెనక వీధిలో ఉన్న నర్సింగ్ హోమ్ వైపు నుంచి రాంబాబు మాస్టారు పరుగెత్తుకొచ్చారు. పక్క ఊళ్ళో హైస్కూలు టీచరు ఆయన. స్కూటరు హారన్ కోసం రెండు మూడుసార్లు నా దగ్గరికి వచ్చారు కాబట్టి పరిచయం. కాళ్ళకి చెప్పులు లేవు, నుదుటి మీద బొట్టు చెమటకి కారిపోయి ఉంది.

"శ్రీను గారూ, కారు డిక్కీ తెరుచుకోవట్లేదండి. ఒక్కసారి రావాలి."

"కారు కొన్నారా మాస్టారూ! మాకు చెప్పనే లేదు. రెండు ముద్దలు తిని వచ్చేస్తానండి. డిక్కీయే కదా, ఎక్కడికీ పారిపోదు," అన్నాను నవ్వుతూ.

"లోపల రక్తం ఉందండి," అన్నారాయన.

నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఎవరినైనా గుద్దేసి డిక్కీలో పెట్టుకొచ్చాడా ఏంటి ఈయన అని ఒక్క క్షణం పాడు ఆలోచన కూడా వచ్చింది. ఆయనకి నా మొహం చూస్తే అర్థమైనట్టుంది.

"బ్లడ్ బ్యాంకు నుంచి తెచ్చామండి. మా చెల్లెలు పద్మకి కాన్పయింది, రక్తం ఆగట్లేదు. వెంటనే ఎక్కించాలన్నారు. తీరా తెస్తే డిక్కీ తెరుచుకోవట్లేదు."

కంచం అక్కడే వదిలేసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, స్క్రూ డ్రైవర్ల సంచీ పట్టుకుని ఆయన వెనకే పరుగెత్తాను.

నర్సింగ్ హోమ్ ఆవరణలో తెల్లటి కొత్త కారు. ముందు అద్దం మీద గంధంతో ఓంకారం, బానెట్ మీద బంతిపూల దండ, టైర్ల కింద నలిగిన నిమ్మకాయల తడి ఇంకా ఉంది. సీట్లకి ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు. చుట్టూ పదిమంది జనం. అరటి గెలలు ఎత్తే సూరిబాబు అనే అతను గునపం పట్టుకుని డిక్కీ మూత సందులో దూర్చడానికి సిద్ధంగా ఉన్నాడు.

"ఆగవయ్యా బాబూ!" అని అరిచాను. "లోపల ఉన్నది రక్తం సంచీ. నీ గునపం జారి దానికి తగిలిందంటే ఇక చేసేదేమీ ఉండదు."

అతను గునపం తీసి రెండడుగులు వెనక్కి వేశాడు. మంచికి పోయి ఎంత పని జరిగేదో అతనికి అప్పుడే తట్టింది.

నర్సింగ్ హోమ్ వరండాలో సిస్టర్ నిలబడి ఉంది. "ఎంతసేపండీ? డాక్టరమ్మ గారు అడుగుతున్నారు. పేషెంటు పల్స్ పడిపోతోంది," అంది. ఆమె వెనక గదిలోంచి ఎవరో మగమనిషి ఏడుపు వినిపిస్తోంది. పద్మ భర్త అని తరవాత తెలిసింది. ఇన్నేళ్ళుగా నేను బండ్లకే పని చేశాను. బండి ఆగిపోతే మనిషి ఆలస్యంగా ఇంటికి చేరతాడు, అంతే. నా చేతిలో స్క్రూ డ్రైవరు ఎంతసేపు తిరుగుతుందన్న దాని మీద ఒక మనిషి ప్రాణం ఉండడం నాకు కొత్త.

డ్రైవరు తలుపు తీసి చూస్తే ముందు సీట్లో అవతలి పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నారు. రాంబాబు గారి అమ్మగారు, వెంకటరత్నమ్మ గారు. ఒళ్ళో పెద్ద గుడ్డ సంచీ, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉన్నారు. వెనక సీటంతా ఖాళీ.

"వెనక సీటు ఇంత ఖాళీగా ఉంటే రక్తం డిక్కీలో పెట్టడమేంటి మాస్టారూ?" అన్నాను. నా గొంతులో కోపం నాకే తెలుస్తోంది.

వాళ్ళమ్మ గారే చెప్పారు.

"నేనే పెట్టించాను నాయనా. అన్నవరం వెళ్ళి వస్తున్నాం. కారుకి పూజ, పద్మకి సుఖంగా కాన్పు అవ్వాలని వ్రతం, రెండూ చేయించాం. ఈ సంచీలో స్వామివారి ప్రసాదం ఉంది కదా. దాని పక్కన రక్తం పెట్టకూడదని..."

కడుపున పుట్టిన పిల్లకి ఎక్కించాల్సిన రక్తాన్ని మైల అని వెనక్కి నెట్టడం! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కానీ ఆవిణ్ణి ఏమనగలను? మా ఇంట్లో మా అమ్మయినా సరే అదే చేసేది. నేను పక్కన ఉన్నా, "సరేనమ్మా" అని డిక్కీ తెరిచేవాణ్ణి. అప్పటికి ఎవరికీ తప్పు అనిపించదు.

జరిగింది ముక్కలు ముక్కలుగా మాస్టారు చెబుతూనే ఉన్నారు, నేను పని చేస్తూ వింటున్నాను. పద్మకి ఇంకో వారం గడువుందన్నారట. తెల్లవారుతూనే నొప్పులు వచ్చాయని అన్నవరంలో ఉండగా ఫోను. పిల్ల పుట్టింది, తల్లికి రక్తం ఆగట్లేదని ఇంకో ఫోను. ఆమెది దొరకడం కష్టమైన గ్రూపు. డాక్టరమ్మ గారు రాజమండ్రి బ్లడ్ బ్యాంకుతో మాట్లాడి ఏర్పాటు చేస్తే, దారిలోనే కాబట్టి వీళ్ళు ఐసు వేసిన థర్మోకోల్ పెట్టెలో తీసుకొచ్చారు.

"రాజమండ్రిలోనే డిక్కీ ఒక పట్టాన తెరుచుకోలేదండి. నాలుగైదుసార్లు నొక్కితే తెరుచుకుంది. కొత్తది కదా, బిగుతేమో అనుకున్నాను."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఎక్కడో రాజమండ్రిలో దొరికిన రక్తం గోదావరి దాటి, గుమ్మం దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది.

వెనక సీటు వీపు భాగం విప్పి అటు నుంచి వెళ్దామా అని చూశాను. ఆ మోడల్‌లో సీటు వెనక ఇనప రేకు అడ్డం ఉంది. ఇక మిగిలింది స్విచ్ ఒక్కటే. స్టీరింగ్ కింద ఉన్న ప్లాస్టిక్ ప్యానల్ ఊడదీస్తే గాని స్విచ్ వెనకాల వైర్లు అందవు. ఆ కారు నాకు కొత్త. ప్యానల్ ఎక్కడెక్కడ క్లిప్పులతో పట్టి ఉందో తెలియదు. స్క్రూ డ్రైవరు పెట్టి కాస్త ఒత్తి చూసి, ఆగాను. కొన్న కారు కొన్నట్టే ఉంది, విరిగిపోతుందేమోనని చెయ్యి అలవాటుగా వెనకాడింది.

"పగలగొట్టు నాయనా!" అని అరిచారు వెంకటరత్నమ్మ గారు. "బండి పోతే పోయింది. పగలగొట్టెయ్!"

రెండు చేతులా పట్టుకుని లాగాను. టపటపా రెండు క్లిప్పులు విరిగి ప్యానల్ చేతిలోకి వచ్చింది. స్విచ్ వెనక రెండు వైర్లు. మా దగ్గర టెస్ట్ ల్యాంపు అని ఉంటుంది. సూది మొనకి చిన్న బల్బు తగిలించిన పరికరం. కరెంటున్న చోట గుచ్చితే వెలుగుతుంది. మొదటి వైరుకి పెడితే వెలిగింది. స్విచ్ నొక్కిపట్టి రెండో వైరుకి పెట్టాను. వెలగలేదు. మళ్ళీ నొక్కాను. లేదు. అంటే కరెంటు స్విచ్ దాకా వస్తోంది, అవతలికి వెళ్ళడం లేదు. అదృష్టం బాగుంటే మోటారు మంచిదే అయ్యుండాలి. కాకపోతే నా దగ్గర ఇంకో దారి లేదు.

స్విచ్‌ని దాని ఖర్మానికి వదిలేసి, రెండు వైర్ల తొక్కా పళ్ళతోనే ఒలిచి, రాగి మొనలు ఒకదానికొకటి తాకించాను. చిన్న మెరుపు. వెనక టక్కుమని చప్పుడు. జనం ఒక్కసారి "తెరుచుకుంది!" అని అరిచారు.

నేను కారులోంచి బయటికి వచ్చేసరికి సిస్టర్ థర్మోకోల్ పెట్టె గుండెలకి హత్తుకుని లోపలికి పరుగెడుతోంది. గునపం తెచ్చిన సూరిబాబు ఆమెకి తలుపు తీసి పట్టుకున్నాడు. వెంకటరత్నమ్మ గారు అప్పుడు దిగారు. ప్రసాదం సంచీ సీటు మీదే వదిలేసి రెండడుగులు వేసి, మూడో అడుగు పడక, ఆ మట్టిలోనే కూలబడ్డారు. లేవదీద్దామని వెళ్తే వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

షాపుకి వెళ్ళి కూర్చున్నాను గాని పని మీద చెయ్యి పడలేదు. కలిపిన అన్నం కాకులకి వేశాను. పొద్దు వాలుతుండగా మాస్టారు వచ్చి, "గండం గడిచిందండి" అని ఒక్క మాట చెప్పి నా చేతులు పట్టుకున్నారు. ఇంకాస్త ఆలస్యమైతే తన చేతుల్లో ఉండేది కాదని డాక్టరమ్మ గారు అన్నారట.

అసలు చెప్పదలచుకున్నది ఇంతవరకూ జరిగినది కాదు.

పద్మని ఇంటికి పంపేశాక మాస్టారు కారు తెచ్చారు. ఆ రోజు నేను రెండు వైర్లకీ విడివిడిగా టేపు చుట్టి పంపేశాను కాబట్టి స్విచ్ బాగు చెయ్యాలి, ప్యానల్‌కి క్లిప్పులు వెయ్యాలి. వెంకటరత్నమ్మ గారు కూడా వచ్చారు. క్లిప్పుల కోసం మాస్టారు స్పేర్ పార్టుల షాపుకి వెళ్తే, ఆవిడ నా పక్కన స్టూలు మీద కూర్చున్నారు. మనవరాలు ఎలా ఉందని అడిగాను.

"పిల్లా తల్లీ బాగున్నారు నాయనా. అబ్బాయే నాతో మాట్లాడ్డం లేదు. అన్నం పెడితే తింటాడు, అంతే. డిక్కీలో పెట్టించానని. వాడి కోపంలో తప్పు లేదు."

నేను పనిలో పడ్డాను. కొత్త కారు స్విచ్ మొదటి రోజే ఎందుకు చచ్చిందా అని నాకూ కుతూహలంగానే ఉంది. స్విచ్ ఊడదీసి, పక్క గొళ్ళేలు సన్న స్క్రూ డ్రైవరుతో పైకెత్తి, మూత తీశాను. లోపల రెండు రాగి బిళ్ళలు ఉంటాయి. వాటిని కాంటాక్టులు అంటాం. మీట నొక్కితే అవి రెండూ తాకి కరెంటు దాటుతుంది. శుభ్రంగా మెరుస్తూ ఉండాల్సిన బిళ్ళల మీద ముదురు ఎరుపు పొర. ముట్టుకుంటే జిగురుగా, అంచుల్లో ఎండి పెచ్చు కట్టి ఉంది.

చూడగానే నాకు అర్థమైంది. కొబ్బరినీళ్ళలో తడిపిన కుంకుమ. మీట మీద పెట్టిన బొట్టు సందులోంచి కారి లోపలికి దిగింది. తడిగా ఉన్నంతసేపు ఎలాగో పని చేసింది, అందుకే రాజమండ్రిలో నాలుగైదుసార్లు నొక్కితే తెరుచుకుంది. ఎండలో వచ్చేసరికి కొబ్బరినీళ్ళలోని తీపి పాకంలా గట్టిపడి రెండు బిళ్ళల మధ్య అడ్డం పడింది. చప్పుడు చెయ్యకుండా స్విచ్‌ని చేతిలో అటు తిప్పుకుని, పాత టూత్ బ్రష్‌తో గబగబా తోమడం మొదలుపెట్టాను.

"ఏంటి నాయనా ఆ ఎర్రటిది?" అన్నారావిడ.

"తుప్పండి అమ్మగారూ."

"కొత్త కారుకి తుప్పేంటి?"

"ఒక్కోసారి కంపెనీ నుంచే అలా వస్తుందండి," అన్నాను. కంపెనీవాడు నా మాట వింటే కేసు వేసేవాడు.

ఆవిడ చెయ్యి చాపారు. ఇవ్వను అనలేక ఇచ్చాను. బొటనవేలితో ఆ పెచ్చుని గీరి, రెండు వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మొహంలో రంగు పోయింది.

"ఊహ తెలిసినప్పటి నుంచీ పెట్టుకుంటున్నాను. కుంకుమ నాకు తెలియదా నాయనా?"

నేను తల దించుకున్నాను.

"పంతులు గారు స్టీరింగుకి పెట్టి ఊరుకున్నారు," అన్నారు నెమ్మదిగా. "నాకే మనసొప్పలేదు. కొట్టిన కొబ్బరికాయ నీళ్ళలో కుంకుమ కలిపి ప్రతి మీటకీ పెట్టాను. ఈ మీట కిందకి ఉంది కదా, మొదట పెట్టింది కారిపోయింది. మళ్ళీ పెట్టాను. పద్మని చల్లగా చూడు స్వామీ అనుకుంటూ పెట్టాను."

"తెలిసి చేశారా అమ్మగారూ? పెట్టె డిక్కీలో లేకపోతే దీని సంగతే ఎవరికీ..." అని ఏదో సర్దబోయాను. సర్దుతున్నకొద్దీ ఇంకా కెలుకుతున్నానని నాకే తెలిసింది. పెట్టె డిక్కీలో పెట్టించింది కూడా ఆవిడే.

ఆవిడ నా వైపు సూటిగా చూశారు. "పద్మ బతికింది కాబట్టి తుప్పన్నావు. పోయుంటే ఏమనేవాడివి?"

చేతిలో బ్రష్ పట్టుకుని బయటికి చూశాను. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆవిడ స్విచ్ నా చేతిలో పెట్టి, "శుభ్రం చెయ్యి నాయనా, చూస్తాను," అన్నారు.

చేశాను. కాంటాక్ట్ క్లీనర్ అని స్ప్రే ఉంటుంది, కొట్టగానే ఆరిపోతుంది, మడ్డిని కరిగిస్తుంది. అది కొట్టి, బ్రష్‌తో తోమి, మిగిలిన మరకని బాగా సన్నటి గరుకు కాగితంతో మెల్లగా రుద్దాను. గట్టిగా రుద్దితే రాగి మీద పూత పోతుంది. మళ్ళీ క్లీనర్ కొట్టి, పొడి గుడ్డతో తుడిచి, మీటరు పెట్టి నొక్కితే బీప్ మని శబ్దం వచ్చింది, కరెంటు దాటుతోందని గుర్తు. తెల్ల గుడ్డ ఎర్రగా అయింది. ఆవిడ కన్ను ఆర్పకుండా ఆ గుడ్డనే చూస్తూ కూర్చున్నారు.

స్విచ్ బిగిస్తుండగా మాస్టారు క్లిప్పులు పట్టుకుని వచ్చారు.

"ఏమైందంటారు శ్రీను గారూ? కొత్త స్విచ్ కదా?"

నా గొంతులో మళ్ళీ ఆ తుప్పే తయారుగా ఉంది. మాట బయటికి రాకముందే ఆవిడ చెప్పేశారు.

"కుంకుమ రా. నేను పెట్టిన బొట్టు లోపలికి దిగి గడ్డకట్టింది. పెట్టెని డిక్కీలో పెట్టించిందీ నేనే, అది తెరుచుకోకుండా చేసిందీ నేనే."

మాస్టారి చేతిలోంచి క్లిప్పుల పొట్లం జారి పడింది. అరుస్తారేమోనని నేను లేచి నిలబడ్డాను. ఆయన తల్లి వైపు చూశారు, నా చేతిలో ఎర్రటి గుడ్డ వైపు చూశారు, మళ్ళీ తల్లి వైపు చూశారు. ఎంత కోపంతో ఉన్న మనిషికైనా కొట్టడానికి చెయ్యి ఆడని చోటు ఒకటి ఉంటుంది. ఆయనకి అది దొరికినట్టుంది.

"ఇక్కడ ఎండ కొడుతోందమ్మా. కార్లో కూర్చో," అన్నారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అప్పుడు ఏడ్చారు.

ఆ తరవాత నా దగ్గరికి పూజ చేయించిన బండి ఏది వచ్చినా, బొట్టు మీట మీద కాదండీ, పక్కన ప్లాస్టిక్ మీద పెట్టండి, తడి కుంకుమ అసలే వద్దండీ అని చెబుతున్నాను. కొందరు నన్ను నాస్తికుడనుకున్నారు, అనుకోనివ్వండి. కానీ ఆ స్విచ్ నాకు నేర్పింది అది కాదు. మా వృత్తిలో, లోపం ఎక్కడుందో తెలిశాక కూడా బండి వాళ్ళ మొహం చూసి మాట మార్చడం మర్యాద అనుకునేవాణ్ణి. ఓనరు చేసిన తప్పుని తుప్పు మీదకో, తేమ మీదకో తోసేసేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా ఏమైందని అడిగితే ఉన్నది ఉన్నట్టే చెబుతాను, నొచ్చుకున్నా సరే. బతికిన మనిషి తల్లి కాబట్టి ఆవిడకి నేను అబద్ధం చెప్పగలిగాను. పోయిన మనిషి తల్లికైతే నిజం చెప్పేవాణ్ణో, అబద్ధమే చెప్పేవాణ్ణో, ఇప్పటికీ నాకు తెలియదు.